చినూక్ వీస్తే పడుకునే కంప్యూటరు

మార్లిస్ హెగెన్‌కి కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం సగంలో ఉండగానే లేచి వెళ్ళి కాఫీ కుండ సర్దుతుంది. పెళ్ళి విందుల్లో అందరికన్నా ముందు పళ్ళాలు ఎత్తేస్తుంది, ఇంకా తింటున్నవాళ్ళ ముందువి కూడా. అసలే అలాంటి మనిషి, ఆపైన చలికాలం నడుమ కొండల మీంచి దిగే వెచ్చటి చినూక్ గాలి వీచిందంటే ఇక చెప్పేదేముంది! పడమటి కొండల మీద మబ్బు విల్లులా వంగి, దాని కింద నీలం చార తేలితే చాలు, ఆమెకి కుడి కంటి వెనక పోటు మొదలవుతుంది. ఒక్క పూటలో చూరుకి వేలాడే మంచు కరిగి బొటబొటా కారుతుంది. ఆ గాలికి మా వైపు గుర్రాలు బెదురుతాయి, మొగుడూ పెళ్ళాలు కారణం లేకుండా పోట్లాడుకుంటారు, బడిపిల్లలు బస్సులో సీట్లెక్కి గంతులేస్తారు.

ఆ శీతాకాలం హెగెన్ వాళ్ళ కంప్యూటరుకి కూడా చినూక్ పడింది కాదు.

ఎముకలు కొరికే చలి ఉన్నన్నాళ్ళూ అది బుద్ధిగా పని చేసింది. డిసెంబరులో మొదటి చినూక్ వీచిన రోజున చేస్తున్న పని చేస్తుండగానే ఠక్కున ఆగిపోయింది. మూడోనాడు మళ్ళీ చలి పట్టాక మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచింది. జనవరిలోనూ అదే వరస. లేచినా ఊరికే లేవదు. నన్ను సరిగ్గా ఆపలేదు కనక డిస్కు తనిఖీ చేసుకుంటానని మొదలుపెడుతుంది, ఆ తనిఖీ సగంలో ఉండగా మళ్ళీ పడుకుంటుంది.

"దీనికీ నాలాగే చినూక్ పడదు లైల్," అంది మార్లిస్ మొగుడితో.

"అయితే దానికీ ఓ తలనొప్పి మాత్ర వెయ్యి," అన్నాడు లైల్.

లైల్ ఆవుల మనిషి. విలో ఫ్లాట్ అనే చోట తండ్రి వదిలి వెళ్ళిన పచ్చిక బయళ్ళలో ఆవుల్ని పెంచుతాడు. మాట తక్కువ, ఎత్తిపొడుపు ఎక్కువ. మార్లిస్ బడి బస్సు నడుపుతుంది. బస్సు రాత్రిళ్ళు వాళ్ళింటి పక్క షెడ్డులోనే ఉంటుంది. తెల్లారకముందే లేచి, కొండ దారుల్లో గడప గడపకీ ఆగుతూ పిల్లల్ని ఎక్కించుకుని పట్నం బడి గుమ్మం ముందు దింపుతుంది, సాయంత్రం తిరిగి తెస్తుంది. తాను ఎక్కించుకున్న పిల్లల పిల్లలు ఇప్పుడు ఆ సీట్ల మీద కూర్చుంటున్నారు. ఇన్నేళ్ళలోనూ ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదని ఆమెకి పేరు. ఆ పేరంటే ఆమెకి కొంచెం గర్వం కూడా.

కానీ ఆ బడి గుమ్మం లోపలికి మాత్రం ఆమె అడుగు పెట్టదు. మీటింగులున్నా బయట బస్సు దగ్గరే నిలబడి ఎవరో ఒకరిని పిలిపించుకుంటుంది. పదకొండో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, మధ్యలో బడి మానేసింది. వచ్చే సెప్టెంబరులో మళ్ళీ చేరుదువుగానిలే అన్నాడు తండ్రి. ఆ సెప్టెంబరు రాలేదు. తల్లి పోయింది, తమ్ముళ్ళకి వండిపెట్టేవాళ్ళు లేకపోయారు, తర్వాత లైల్ వచ్చాడు, పిల్లలు పుట్టారు, పెరిగారు, వెళ్ళారు. ఎవరైనా చదువు సంగతి ఎత్తితే మార్లిస్ పళ్ళాలు తీయడానికి లేస్తుంది.

రెండేళ్ళ కిందట, ఎవరికీ చెప్పకుండా, ఇంటి నుంచే చదివే పద్ధతిలో పన్నెండో తరగతి కట్టింది. లైల్‌కి తెలుసు, ఎందుకంటే ఒకే ఇంట్లో ఉంటూ దాచడం కుదరదు. పిల్లలకి కూడా చెప్పలేదు. అంతకు ముందోసారి కట్టి మధ్యలో వదిలేసింది, ఆ సంగతి లైల్‌కి కూడా తెలియదు. ఇప్పుడు లెక్కలు అయ్యాయి, సాంఘికం అయింది, ఇంగ్లీషులో ఒక్క వ్యాసం మిగిలింది. అది డిసెంబరులోనే పంపాల్సింది. కంప్యూటరు పడుకుంది. జనవరి గడువుకీ పడుకుంది. ఎప్పుడూ ముఖం చూడని ఆ టీచరమ్మ ఓపిగ్గానే జవాబు రాసింది గానీ చివర్లో ఒక్క ముక్క తేల్చి చెప్పింది. ఫిబ్రవరిలో ఫలానా శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా రాకపోతే ఇంగ్లీషు మొత్తం మొదటి నుంచీ మళ్ళీ చదవాలి.

మళ్ళీ మొదలుపెట్టే ఓపిక తనకి లేదని మార్లిస్‌కి తెలుసు. ఈసారి వదిలేస్తే ఇక వదిలేసినట్టే. ఆ శుక్రవారమే ఇప్పుడు మనం చెప్పుకునేది.

తెల్లవారుజామున చలి కరకరలాడుతోంది. కంప్యూటరు మీట నొక్కగానే లేచింది. మార్లిస్ వ్యాసం చివరి పేరా టైపు చేసి దాచింది. అప్పుడే పంపేసి ఉంటే ఈ కథే లేదు. కానీ బస్సు తిప్పి వచ్చి, కాఫీ పెట్టుకుని, ఇంకోసారి చదివి పంపుదామనుకుంది. రెండేళ్ళ చదువు, చివరి వ్యాసం, ఒక్క తప్పు కూడా పోకూడదు. కంప్యూటరుని ఆపకుండా అలాగే వదిలి వెళ్ళింది.

పిల్లల్ని దింపి తిరిగి వస్తుంటే పడమర వైపు మబ్బు విల్లు కట్టి ఉంది. మార్లిస్ బస్సు వేగం పెంచింది. ఇంటికొచ్చేసరికి దారంతా బురద, షెడ్డు చూరు నుంచి ధారలు. అలవాటు కొద్దీ, బస్సు ఇంజను చలికి బిగుసుకోకుండా కాచే హీటరు తీగని ప్లగ్గుకి తగిలించి, బూట్లైనా విప్పకుండా కంప్యూటరున్న వెనక వసారాలోకి పరిగెత్తింది. తెర వెలుగుతోంది, దాని మీద సిగ్నల్ లేదన్న మాట తప్ప మరేం లేదు. కింద కంప్యూటరు పెట్టె చల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

మీట నొక్కింది. పలకలేదు. పట్టుకుని నొక్కింది, మెల్లగా నొక్కింది, మోకాలితో పొడిచింది. వసారా చలికి పట్టేసిందేమోనని జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి పెట్టె చుట్టూ వేడిగాలి పట్టింది. అలా పడుతూనే కిటికీలోంచి మబ్బు కేసి చూసి తిట్టింది. చివరికి లైల్ తమ్ముడు గార్త్‌కి ఫోను చేసింది. గార్త్ వడగళ్ళ బీమాలు అమ్ముతాడు. ఆ కంప్యూటరు కొనిపించిందీ తీగలు తగిలించిందీ అతనే కనక, దానికి జబ్బు చేస్తే వైద్యుడూ అతనే.

"వదినా, ముందిది చెప్పు. పెట్టె మీద దీపం వెలుగుతోందా?"

"లేదు. తెర మాత్రం వెలుగుతోంది."

"తెర వెలుగుతోందంటే కరెంటు ఉన్నట్టే."

"కరెంటు లేకపోతే నీకిలా ఫోను చేస్తానా? ఫ్రీజరు కూడా గుర్రుమంటూనే ఉంది."

"అయితే పెట్టె లోపలే పోయిందన్నమాట. నేను నిరుడే అన్నాను, దాని ఆయుష్షు అయిపోయిందని."

"పొద్దున శుభ్రంగా లేచిందయ్యా!"

"చచ్చే ముందు ముసలావు కూడా ఓసారి లేచి నిలబడుతుంది వదినా. పోనీ, మళ్ళీ లేచిందనుకో, ఆ డిస్కు తనిఖీ కోసం కూర్చోకు. ఏదో ఒక మీట నొక్కి దాటెయ్. అయినా అంత తొందరేంటి?"

మార్లిస్ క్షణం తడబడింది. "చర్చి ఆడవాళ్ళ విందు. ఎవరే వంట తేవాలో అందులో ఉంది."

"దానికి ఇంత గాభరానా? నా మాట విని బంగాళాదుంపలు తీసుకెళ్ళు. ఓ పని చెయ్, పెట్టె వెనక తీగ పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టు."

పీకింది, ఆగింది, పెట్టింది. ఏమీ లేదు. ఆగడం మాత్రం ఆమె సరిగ్గా చేయలేదేమో, అందుకని మళ్ళీ పీకి, వంటింట్లో నాలుగు చుట్లు తిరిగి వచ్చి పెట్టింది. ఏమీ లేదు. ఇదంతా నీ కంగారు వల్లే వదినా, పని చూసుకుని మళ్ళీ చేస్తానని గార్త్ ఫోను పెట్టేశాడు.

పెట్టెని పట్నం మోసుకుపోదామా అంటే, బాగుచేసే దుకాణం వాడు వచ్చే వారం రమ్మంటాడు. వ్యాసం మరోచోట దాచమని గార్త్ ఎప్పుడో ఓ డిస్కు ఇచ్చాడు, అది కాగితం కూడా విప్పకుండా సొరుగులోనే ఉంది. చేత్తో మళ్ళీ రాద్దామని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. మొదటి వాక్యం మాత్రం గుర్తుంది: "పొద్దున్నే లేచేవాళ్ళు గొప్పవాళ్ళని మొదట అన్నవాడికి ఆవులు లేవు." ఏదైనా ఒక మాటని పట్టుకుని వాదించమని టీచరమ్మ అడిగితే, పొద్దున్నే లేవడంలో గొప్పేమీ లేదని వాదించింది మార్లిస్. ఎనిమిది పేజీలు. నవ్వుతూ రాసింది, రాస్తూ ఒకచోట ఏడ్చింది కూడా, తల్లి మంచం పట్టిన చలికాలంలో తాను లేచిన వేళల గురించి చెప్పేటప్పుడు. ఇప్పుడు రెండో వాక్యం రావడం లేదు. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది.

లైల్ దూడల కొట్టంలోంచి వచ్చి, బూట్లు విప్పి, మేజోళ్ళతో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈనే కాలం. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

"కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటే?"

"పోయింది. మళ్ళీ పోయింది."

లైల్ కాఫీ పోసుకున్నాడు. "టీచరమ్మకి ఫోను చేసి నోటితో చెప్పెయ్ రాదూ."

"ఎనిమిది పేజీలు నోటితోనా?"

"నాకు రోజూ చెప్తావుగా అంతకన్నా ఎక్కువే."

మామూలు రోజైతే ఆమె తువ్వాలు విసిరేది. ఆ రోజు విసరలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "లైల్, ఇది కూడా సగంలోనే పోతుంది. నాకు పూర్తి చెయ్యడం రాసిపెట్టి లేదంతే. ఇంతకు ముందోసారి కూడా మొదలెట్టాను, నీకు చెప్పలేదు. అది కూడా వదిలేశాను."

"తెలుసు," అన్నాడు లైల్.

"ఎలా తెలుసు?"

"పుస్తకాలు పొయ్యిలో వేశావు. బూడిద ఎత్తేది నేను కాదూ?" అని కాఫీ తాగాడు. అన్నేళ్ళు ఎరిగి ఎరగనట్టు ఎలా ఉన్నాడా అని ఆమెకి కోపం వచ్చింది. గడియారం చూసింది. బస్సు తీయాల్సిన వేళ దగ్గర పడింది. సాయంత్రం పిల్లల్ని దింపి వచ్చేసరికి నాలుగు దాటిపోతుంది. వంటింటి బల్ల మీది కాగితాన్ని ఉండ చుట్టి, కోటు తగిలించుకుని, బయటికి నడిచింది.

షెడ్డులో గాలి వేడిగా ముఖానికి కొట్టింది. బస్సు హీటరు తీగ ఊడదీయడానికి వంగింది. తీగ చివర, కరెంటు ఉంటే వెలిగే ఎర్ర దీపం చిన్నది ఒకటుంటుంది. అది వెలగడం లేదు. అవునులే, వెచ్చగా ఉందిగా, చలి ప్లగ్గు ఆపేసి ఉంటుంది, అనుకుంది.

ఆ చలి ప్లగ్గు మార్లిస్ తెచ్చిందే. ఆమె ఇంట్లో ఒక్క బల్బు కూడా ఊరికే వెలగడానికి వీల్లేదు. బస్సు హీటరు రాత్రంతా, చలి లేని రోజుల్లో కూడా, కరెంటు తాగుతోందని ఆమెకి నిద్ర పట్టేది కాదు. అందుకని నవంబరులో కో-ఆప్ దుకాణంలో వెతికి ఆ ప్లగ్గు కొంది. గడ్డకట్టే చలి ఉంటే కరెంటు వదులుతుంది, కాస్త వెచ్చబడితే దానంతటదే ఆపేస్తుంది. గోడ సాకెట్టులో దాన్ని పెట్టి, చినూక్‌కి ఊడిపోకుండా పైన ఇనుప పట్టీ వేయించి, లైల్ చేత స్క్రూలు బిగింపజేసింది. దానికి రెండు కన్నాలు. ఒకదాంట్లో బస్సు తీగ. రెండోదాంట్లో, మార్లిస్ అప్పుడే చూసినట్టుగా చూసింది, పసుపు తీగ. మేకులతో బిగించిన ఆ పసుపు తీగ గోడ వెంబడి పాకి, కన్నంలోంచి వసారాలోకి దూరి, ఎక్కడికి పోతుందో ఆమెకి బాగా తెలుసు. వసారాలో ఉన్న ఒకే ఒక్క సాకెట్టు ఫ్రీజరు వెనక ఉంది, దాన్ని ఫ్రీజరూ కంప్యూటరు తెరా పంచుకున్నాయి. పెట్టెకి చోటు లేక బయటి నుంచి తీగ లాగారు.

మార్లిస్ అక్కడే నిలబడిపోయింది. మూడు నెలలుగా గార్త్‌ని తిట్టింది, ఫోను కంపెనీని తిట్టింది, లైల్ బురద బూట్లతో పెట్టెని తన్ని ఉంటాడని అనుమానించింది, ఆఖరికి గాలినీ తిట్టింది. తన వేలితో తన కన్నే పొడుచుకుంది. పొదుపు కోసం తాను తెచ్చిన ప్లగ్గే తన చదువుని ఆపుతూ వచ్చింది.

"లైల్!"

ఆ కేకకి లైల్ మేజోళ్ళతోనే బురదలోకి వచ్చాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. నోట మాటలు సగం సగం వచ్చాయి గానీ అతనికి అర్థమైంది. పట్టీ మీది స్క్రూల తలలు తుప్పు పట్టి, చెక్కు కట్టి ఉన్నాయి.

"ఇవి ఇప్పట్లో రావు, ఇక్కడ ఇంకో సాకెట్టు లేదు, ఫ్రీజరు వెనకదానికి చెయ్యి దూరదు. పెట్టెని వంటింట్లోకి మారుద్దామా?"

"పీకితే ఏ తీగ ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. పొడుగు తీగ ఇంకోటి లేదా?"

"అన్నీ దూడల కొట్టంలో ఉన్నాయి, వేడి దీపాలకి. వాటిని పీకితే రాత్రి పుట్టినవి చస్తాయి." లైల్ ప్లగ్గు వైపు చూశాడు. "దీనికి చలి కావాలి, అంతేగా?"

"అంతే."

అతను వసారాలోకి వెళ్ళి ఫ్రీజరు మూత ఎత్తాడు. శరత్కాలంలో తాను వేటాడి తెచ్చిన ఎల్క్ దుప్పి తొడ, రాయిలా బిగుసుకున్నది, రెండు చేతులా ఎత్తుకుని వచ్చి, ప్లగ్గుకి ఆనించి, దాని మీద తన ఒళ్ళంతా మోపాడు. ఆ దుప్పి మాంసాన్ని లైల్ క్రిస్మస్‌కి కూడా ముట్టుకోనివ్వలేదు, ఈస్టరుకి అట్టేపెట్టాడు.

"వెళ్ళు, లోపల కూర్చో. మీట నొక్కుతూ ఉండు."

మార్లిస్ కోటుతోనే కుర్చీలో కూర్చుంది. మీట నొక్కింది. ఏమీ లేదు. కాలు ఆడిస్తూ, గోరు కొరుకుతూ, మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. "చల్లబడిందా?" అని అరిచింది. "నా చేతులైతే బిగుసుకుపోయాయి!" అని గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది. బస్సు వేళ మీద పడుతోంది. ఒకవైపు ఎన్నడూ పోని పేరు, ఇంకోవైపు ఎన్నడూ పూర్తికాని చదువు. లేవబోయింది. అప్పుడు గోడ అవతల ప్లగ్గు టక్కుమంది.

ఆమె వేలు తనంతట తానే మీట మీదికి వెళ్ళింది. పెట్టె గుర్రుమంది. తెర మీద డిస్కు తనిఖీ అని పడగానే ఠకీమని ఓ మీట కొట్టి దాటేసింది. ఫోను తీగ పీకి కంప్యూటరుకి తగిలించింది. కంప్యూటరు కీచుమంటూ, గరగరలాడుతూ ఇంటర్నెట్ లైను కోసం పిలుస్తోంది. వసారా తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో ట్రక్కు ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు.

"ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు, వదినకేమైందోనని వచ్చా," అంటోంది గార్త్ గొంతు. అంతలోనే ఆగిపోయింది. "అన్నయ్యా, నువ్వేం చేస్తున్నావు?"

"కనబడటం లేదా? ప్లగ్గుకి మాంసం పెడుతున్నా."

"చినూక్ నీకు కూడా ఎక్కిందా? చర్చి వంటల కోసం ఇంత కథా?"

మార్లిస్ చేయి గాలిలో ఆగింది. వద్దు లైల్, అనుకుంది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్నది.

"చర్చీ లేదు, వంటలూ లేవు," అన్నాడు లైల్, ఊళ్ళో ఆవుల సంతలో అరిచినట్టు. "నా పెళ్ళాం పన్నెండో తరగతి పూర్తి చేస్తోంది లోపల. ఇది ఆఖరి వ్యాసం. నోరు మూసుకుని ఫ్రీజర్లోంచి ఇంకో ముక్క పట్రా, ఇది చెమట పడుతోంది."

సిగ్గుతో చచ్చిపోతానని మార్లిస్ ఎప్పుడూ అనుకునేది. సిగ్గు కోసం ఆమె ఎదురు చూసింది, రాలేదు. గార్త్ బురద బూట్లతో ఆమె వెనకనుంచి వచ్చి, ఫ్రీజరు మూత ఎత్తి, ఓ ముక్క చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"బంగాళాదుంపలు తీసుకెళ్ళమన్నాను కదూ నిన్ను," అన్నాడు. "నాకు చెప్పాల్సింది వదినా."

"చెబుతాలే, ముందు దాన్ని పట్టుకో, పో!"

పంపింది. ఇంకోసారి చదవలేదు, తప్పులుంటే ఉండనీ. తెర మీద చిన్న గీత కుడివైపుకి పాకింది, పాకింది, చివర్లో ఆగి, వెళ్ళిందని అక్షరాలు పడ్డాయి. మార్లిస్ ఆ మాటని రెండుసార్లు చదివి, వెళ్ళిందా అని తనని తానే అడిగి, కోటు జేబులో తాళాలు తడుముకుంటూ బయటికి ఉరికింది.

"వెళ్ళింది లైల్, వదిలెయ్యి!"

"ఖాయంగా చేరిందా?" లైల్ పెదాలు నీలం తిరిగాయి. మేజోళ్ళు బురదలో కనబడటం లేదు.

"వెళ్ళిందనే రాసింది."

"అలా పొద్దున కూడా నడుస్తోందనే అన్నావు."

ఆమె నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. బస్సు ఎక్కి ఇంజను తిప్పింది. ఆలస్యం అవదు, మలుపుల్లో కొంచెం గట్టిగా తొక్కితే చాలు. వాకిలి దాటుతూ పక్క అద్దంలోకి చూసింది. తలుపులు తెరిచిన షెడ్డులో అన్నదమ్ములిద్దరూ చెరోవైపు నుంచి గోడకి ఆనుకుని, మాంసం ముక్కల్ని రెండు చేతులా ప్లగ్గుకి అదిమి, గాలికి టోపీలు ఎగిరిపోతున్నా కదలకుండా నిలబడి ఉన్నారు. బస్సు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది, లైల్ చేతులు తీయలేదు.